అరవై ఒకటో గడి

పాత కారు మీద మనసు పారేసుకున్న మనిషికి బ్రహ్మదేవుడు దిగివచ్చి చెప్పినా బుర్రకెక్కదు. యాభై ఏళ్ళనాటి బండి, గుండ్రటి దీపాలు, మెరిసే బంపరు, లోపల తోలు సీట్ల వాసన. అంతే, ఇక కళ్ళు కనబడవు. కింద ఛాసిస్ జల్లెడ అయిపోయినా, తలుపుల అడుగున రేకన్నది లేక వట్టి లప్పమే మిగిలినా, పైన ఒక కోటు రంగు పడేసరికి ఆ ముసలి బండే పెళ్ళికొడుకులా నిగనిగలాడిపోతుంది. పైన పటారం, లోన లొటారం అని పెద్దవాళ్ళు దేన్ని చూసి అన్నారో నాకు తెలియదు గానీ, అది ఏదో ఒక పాత కారే అయివుంటుంది.

ఇలాంటివాళ్ళ మంచి కోరేవాళ్ళు ఎవరైనా పక్కనుంటే, "కొనుక్కోండి, వద్దనడం లేదు, ముందొకసారి సుత్తి మేష్టారికి చూపించండి" అనేవారు. మేష్టారంటే బడిపంతులు కాడు. ఒకప్పుడు మెకానిక్కు. బాగుచెయ్యడం మానేసి నలభై ఏళ్ళుగా చూడటమే వృత్తిగా పెట్టుకున్నాడు. అమ్మేవాడి మనిషి కాదు, కొనేవాడి చుట్టమూ కాదు. బాగుచేసేవాడు చూస్తే అన్నీ పాడైనట్టే కనిపిస్తాయి, అమ్మేవాడు చూస్తే అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి, ఆ రెండూ కానివాడే చూడాలనేది ఆయన సిద్ధాంతం. అరచేతిలో ఇమిడిపోయే చిన్న సుత్తి ఒకటి ఆయన దగ్గర ఉంటుంది. దాంతో కారు ఒళ్ళంతా తట్టుకుంటూ పోతాడు. రేకైతే టంగుమంటుంది, లప్పమైతే దబ్బుమంటుంది. లోకంలో సుత్తి కొట్టేవాళ్ళెవరైనా వినేవాళ్ళ ప్రాణాలు తోడేస్తారు. ఈయన కొడితే మాత్రం ప్రాణం పోయేది అమ్మేవాడికే.

ఆయన భార్యని షెడ్లవాళ్ళందరూ రిపోర్టమ్మ అంటారు. ఈ కథ ఆవిడది.

వాళ్ళ పని తీరు ఇలా ఉంటుంది. ప్రెస్సులో అచ్చు వేయించిన ఫారం ఒకటి ఉంది, అందులో తొంభై నాలుగు గళ్ళు. మొదటి నలభై పైన చూసేవి, ఆ తర్వాతవి బండి కింద చూసేవి, చివరివి ఇంజనువి. మేష్టారు చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని టార్చి పట్టుకుని కారు కిందకి వెళ్ళిపోతాడు. రిపోర్టమ్మ మడత కుర్చీలో కూర్చుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని, కార్బన్ కాగితం వేసి రాసుకుంటుంది. కింద నుంచి గొంతు వస్తుంది. "నలభై నాలుగు. ఎడమ ఛాసిస్ కమ్మి. బాగుంది." ఈవిడ గడిలో బాగుంది అని రాసి, "ఆఁ, రాశానండీ" అంటుంది. ఆ మాట వింటే గానీ ఆయన నలభై ఐదుకి కదలడు. ఇన్నేళ్ళలో ఆవిడ ఒక్క కారు కిందకైనా తొంగి చూసిందా అంటే లేదు. ఇరుసు అంటే ఎలా రాయాలో తెలుసు, ఎలా ఉంటుందో తెలియదు.

గడిలో రాయడానికి నాలుగే జవాబులు, మరీ అవసరమైతే పక్కన ఒక చిన్న ముక్క. బాగుంది, బాగోలేదు, మార్చాలి, చూడలేదు. ఈ నాలుగోదంటే మేష్టారికి మహా గర్వం.

"బాగుందని ఎవడైనా అంటాడు, బాగోలేదనీ ఎవడైనా అంటాడు. నేను చూడలేదు అని కాగితం మీద రాసిచ్చే మగాణ్ణి ఒక్కణ్ణి చూపించు" అనేవాడు.

ఇంకో నియమం కూడా ఉండేది. అమ్మేవాళ్ళ దగ్గర మంచినీళ్ళు కూడా ముట్టరు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు కదా. మన పనే వాసాలు లెక్కపెట్టడం కాబట్టి మనం తినకూడదు, అనేవాడు. అందుకని రిపోర్టమ్మ ఎక్కడికెళ్ళినా సంచిలో రెండు సీసాల నీళ్ళు, ఫ్లాస్కులో టీ మోసుకెళ్ళేది. ఎండాకాలంలో ఆ సంచి బరువు ఆవిడకే తెలుసు.

ఇదంతా సవ్యంగా సాగిన రోజుల మాట.

ఏడాదిన్నర క్రితం ఒకనాటి పొద్దున్న మేష్టారు వంటింట్లోకి వచ్చి, ఫ్రిజ్జుని సుత్తితో నాలుగు వైపులా తట్టి, "కుడి వైపంతా లప్పమే, వద్దని చెప్పు" అన్నాడు. హాస్యమాడుతున్నాడనుకుని ఆవిడ పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు. తర్వాత తాళాలు, తర్వాత వీధులు, తర్వాత మనుషులు ఒక్కొక్కటే జారిపోవడం మొదలైంది. ఒక మధ్యాహ్నం బయటి నుంచి వచ్చిన రిపోర్టమ్మకి ఆయన మర్యాదగా కుర్చీ లాగి, "కూర్చోండమ్మా, మా ఆవిడ ఇప్పుడే వచ్చేస్తుంది" అన్నాడు. ఏం చేస్తుంది పాపం, కూర్చుంది. పావుగంట తర్వాత ఆయనే, "ఎప్పుడొచ్చావ్, పిలవలేదేం?" అన్నాడు.

డాక్టరు మాత్రలు రాసిచ్చాడు. వెనక్కి తీసుకొచ్చే మందు లేదని కూడా ఉన్నమాట చెప్పాడు. కూతురు ఫోను చేసినప్పుడల్లా, "అమ్మా, ఇంక ఆ కార్ల పని మానిపించు, ఎవరి ప్రాణం మీదకైనా వస్తుంది" అంటోంది. నిజమే. రిపోర్టమ్మ ఒక్కొక్కరినే ఏదో ఒకటి చెప్పి తిప్పి పంపేస్తోంది.

అలాంటి సమయంలో పళ్ళ డాక్టరమ్మ వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి, గలగలా మాట్లాడుతుంది, నవ్వితే ఒక్క పన్ను వంకర లేదు. వాళ్ళ నాన్న నడిపినటువంటి కారే అమ్మకానికి వచ్చిందట. వారానికి రెండు రోజులు కొండ మీద ఊళ్ళో క్లినిక్కు, ఇకనుంచి ఆ కారులోనే కొండ ఎక్కుతుందట, దిగుతుందట. సెలవుల్లో పిల్లలిద్దరూ కూడా వెనక సీట్లో.

"పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అని మా ఆయన వెక్కిరిస్తున్నారు పిన్నిగారూ. మేష్టారు ఒక్కసారి చూసి సరేనంటే చాలు, ఇంక ఆయన నోరు మూయించేస్తాను" అంది.

"ఆయనకి ఒంట్లో బాగుండటం లేదమ్మా. మానేశాం" అంది రిపోర్టమ్మ.

డాక్టరమ్మ ముఖం చిన్నబోయింది. లేచి చెప్పులు వేసుకుంటుండగా లోపలి గది తలుపు తెరుచుకుంది. మేష్టారు ఖాకీ చొక్కా వేసుకుని, సుత్తి జేబులో పెట్టుకుని, పనిముట్ల సంచి భుజాన తగిలించుకుని నిలబడి ఉన్నాడు. ఆ ముఖంలో అంత వెలుగు చూసి ఎన్నాళ్ళయిందో.

"ఏ మోడలండీ?" అని అడిగాడు. డాక్టరమ్మ చెప్పగానే ఆ మోడలులో తుప్పు ఎక్కడెక్కడ పడుతుందో గడగడా చెప్పేశాడు. ఒక్కటీ తప్పలేదు.

రిపోర్టమ్మ మనసు అక్కడే మెత్తబడింది. మనుషుల్ని మరిచిపోయాడు గానీ కార్లని మరిచిపోలేదు కదా అనుకుంది. నెల క్రితం వీధిలో ఆగిన ఒక పాత జీపు చూస్తే ప్రతి గడీ సరిగ్గా చెప్పాడు కదా, నేను పక్కన ఉంటాను కదా, అనుకుంది. ఇదొక్కటే, ఇదే ఆఖరు, అని కూడా అనుకుంది. మనల్ని మనం ఒప్పించుకోవాలంటే కారణాలకి కరువేముంది.

"సరేనమ్మా. పెట్రోలు ట్యాంకు మాత్రం ముందే దించి ఉంచమని వాళ్ళకి చెప్పు. అది దించకపోతే ఈయన చూడరు" అంది.

ట్యాంకు దించమని అడిగేవాడు ఆ చుట్టుపక్కల ఈయనొక్కడే. అమ్మేవాళ్ళు విసుక్కునేవారు, పని పెంచుతున్నాడని తిట్టుకునేవారు. అయినా ఇరవై ఆరేళ్ళుగా ట్యాంకు దించని బండికి ఆయన సంతకం పెట్టలేదు. అలా ఎందుకో ఇద్దరికే తెలుసు. అందులో ఒకరికి తెలిసింది సగమే.

కారు ఒక కలప అడితిలో ఉంది. రేకుల కప్పు కింద ఎత్తుగా పేర్చిన దుంగలు, నేలంతా రంపపు పొట్టు, దాని మధ్య మీగడ రంగు కారు నాలుగు ఇనప స్టాండ్ల మీద నిలబడి ఉంది. దించిన ట్యాంకుని రెండు చెక్కపలకల మీద పక్కన పెట్టారు. అడితి యజమాని పెద్దమనిషి. చేతులు దులుపుకుంటూ ఎదురొచ్చి, "టీ తెప్పించనా మేష్టారూ?" అన్నాడు. మేష్టారు సంచిలోంచి ఫ్లాస్కు తీసి చూపించాడు. ఇవన్నీ గుర్తున్నాయి చూడండి.

మొదటి నలభై గళ్ళూ నల్లేరు మీద బండి నడకలా సాగాయి. ఆయన సుత్తితో తట్టడం, చెవి వంచి వినడం, చెప్పడం. ఎడమ ముందు రెక్క దగ్గర దబ్బుమంది. "ఇక్కడ గుద్దుకుంది, బాగుచేశారు" అన్నాడు. అడితి యజమాని నీళ్ళు నమిలి, ఎనిమిదేళ్ళ క్రితం గేటుకి తగిలిందని ఒప్పుకున్నాడు. పళ్ళ డాక్టరమ్మ ముచ్చటపడిపోయింది.

"నేనూ ఇంతేనండీ, పన్ను మీద తట్టి చూస్తాను. పుచ్చుకి సిమెంటు పెట్టిన చోట చప్పుడు వేరేగా వస్తుంది" అంది.

మేష్టారు నవ్వాడు కూడా. రిపోర్టమ్మ ఊపిరి పీల్చుకుంది. అనవసరంగా భయపడ్డాననుకుంది.

ఆయన పలక మీద పడుకుని కారు కిందకి జరిగాడు. నలభై ఒకటి నుంచి నలభై ఐదు దాకా బాగున్నాయి. అప్పుడే షెడ్డు ఆ చివర రంపం మిషను మొదలైంది. దుంగ కోసేటప్పుడు ఆ మోత ఇంతా అంతా కాదు. నేల అదురుతోంది. రిపోర్టమ్మ కుర్చీ ముందుకి లాక్కుని చెవి వంచింది.

"నలభై ఆరు" అని అరిచాడు మేష్టారు. "కుడి తలుపు కింద. నీలం రంగు లేచింది. లోపల పచ్చ రంగు ఉంది."

ఆవిడ కలం కాగితం మీద ఆనించింది. ఆనించి ఆగిపోయింది. కారు మీగడ రంగు. నీలం ఎక్కడిది?

"ఆఁ, రాశానండీ" అంది, అలవాటు కొద్దీ.

"నలభై ఏడు. సైలెన్సరు కొత్తది. బిగింపు తీగతో కట్టారు."

ఆ వాక్యం ఆవిడ ఇదివరకు రాసింది. బిగింపు అన్న మాటకి ఆనాడు గడి చాలక, తీగ అన్న మాట పక్క గడిలోకి పోయింది. ఆవిడకి బాగా గుర్తు. ఎందుకంటే ఆ రిపోర్టు కార్బన్ కాపీ బీరువాలో బట్టల అడుగున ఉంది. ఏడాదికొకసారైనా తీసి చూస్తుంది. చూసి మళ్ళీ అక్కడే దాచేస్తుంది.

ఇరవై ఆరేళ్ళ క్రితం, ఒక పిండిమర వెనక ఖాళీ స్థలంలో, నీలం రంగు కారు. కొనేవాడు ఒక ఫోటోగ్రాఫరు. నెమ్మదైన మనిషి, భార్యని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ అమ్మాయి కారు చుట్టూ తిరుగుతూ అద్దంలో ముఖం చూసుకుని నవ్వుతోంది. మర ఆడుతోంది. ఆ మోతలో కింద నుంచి మేష్టారు చెప్పేది సగం వినబడుతోంది, సగం లేదు. రెండుసార్లు రిపోర్టమ్మ "ఏంటండీ, మళ్ళీ చెప్పండి" అని అడిగింది. మూడోసారి అడిగేసరికి ఆయన కింద నుంచే, "చెవులు ఇంట్లో పెట్టొచ్చావా?" అని అరిచాడు. మరలో పనిచేసేవాళ్ళు గొల్లున నవ్వారు. ఆవిడ ముఖం కందగడ్డ అయింది.

సరిగ్గా ఆ తర్వాతే అరవై ఒకటో గడి వచ్చింది. వెనక బ్రేకు పైపు, ట్యాంకు పైభాగం. ఆయన ఏదో చెప్పాడు. కాస్త పొడుగ్గానే చెప్పాడు. ఆవిడకి గుయ్యిమన్న మోత తప్ప ఒక్క మాట వినబడలేదు. చివర "రాశావా?" అన్నది మాత్రం వినబడింది. మళ్ళీ అడిగితే మళ్ళీ నవ్వుతారు. పైన అన్నీ బాగున్నాయి కదా, ఇదీ బాగుండే ఉంటుంది. బాగుంది అని రాసి, "ఆఁ, రాశానండీ" అంది. మామూలుగా చివర్లో అన్నీ చదివి వినిపించాకే ఆయన సంతకం పెట్టేవాడు. ఆ రోజు మోత భరించలేక చదవకుండానే సంతకం అయిపోయింది.

నాలుగు నెలల తర్వాత కొండ దిగుతుండగా ఆ కారుకి బ్రేకులు పడలేదు. ట్యాంకు పైన, ఎవరికీ కనబడని చోట, పైపుని తుప్పు తినేసింది. ఫోటోగ్రాఫరు భుజం విరిగి బతికాడు. అద్దంలో ముఖం చూసుకుని నవ్విన అమ్మాయి బతకలేదు.

అతను ఒక మధ్యాహ్నం వాళ్ళింటికి వచ్చాడు. తిట్టలేదు, కొట్టలేదు, తిట్టినా బాగుండేది. కాగితం బల్ల మీద పరిచి, అరవై ఒకటో గడి మీద వేలు పెట్టి, "ఇక్కడ బాగుంది అని ఉంది కదండీ" అన్నాడు. అంతే. మేష్టారు కళ్ళజోడు పెట్టుకుని ఆ గడి చదివాడు. చాలాసేపు చదివాడు, ఉన్నది ఒక్క మాటే అయినా.

"నేనే చెప్పాను బాబూ. తప్పు నాదే" అన్నాడు.

అప్పటికి ఆయన ఎన్ని వందల కార్లు చూశాడు. ఏ గడికి ఏం చెప్పాడో ఎవరికి గుర్తుంటుంది. రాసి ఉందంటే చెప్పినట్టే. భార్య రాతని ఆయన తన జ్ఞాపకం కంటే ఎక్కువ నమ్మాడు. రిపోర్టమ్మ వంటింటి గుమ్మంలో తడి చేతులతో నిలబడి అంతా వింది. ఆ రోజు భయమేసి చెప్పలేదు. మర్నాడు ఆయన అన్నం ముట్టకపోతే చూసి చెప్పలేకపోయింది. వారం గడిచాక, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పాలో తెలియక ఊరుకుంది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఇరవై ఆరేళ్ళు ఆ మాటని మింగలేక కక్కలేక గొంతులోనే ఉంచుకుంది. ఆయన బండి బండికీ ట్యాంకు దింపిస్తుంటే, ఇనప గుండు తన నెత్తిన దించినట్టే ఉండేది. మరి ఎలా బతికిందంటే, ఒకే ఒక్క ఊరట పట్టుకుని బతికింది. ఏమో, ఆయన నిజంగానే బాగుంది అని చెప్పి ఉండొచ్చు. నేను వినకుండా రాసినా, ఆయన చెప్పిందే రాసి ఉండొచ్చు. కాదని ఎవరనగలరు?

అడితిలో రంపం మోత ఇంకా సాగుతూనే ఉంది. మేష్టారు యాభై దాటేశాడు. ప్రతి గడీ ఆ నీలం కారుదే. ఒక్క మాట పొల్లుపోవడం లేదు. ఈవిడ రాయడం ఎప్పుడో మానేసింది. "ఆఁ, రాశానండీ" అని మాత్రం అంటోంది. అనకపోతే ఆయన ఆగిపోతాడు. ఆపాలి అని తెలుసు. లేచి నిలబడి, ఇది ఆ కారు కాదండీ, బయటికి రండి, అంటే సరిపోతుంది. కానీ అరవై ఒకటి వస్తోంది. ఆ గడిలో ఏముందో ఈ లోకంలో తెలిసినవాడు ఒక్కడే, ఆ ఒక్కడూ ఇప్పుడు అక్కడికే వెళుతున్నాడు. వినాలని ఉంది, వినకుండా పారిపోవాలనీ ఉంది.

"అరవై. వెనక ఇరుసు. బాగుంది."

"ఆఁ, రాశానండీ."

దుంగ తెగింది. రంపం ఆగిపోయింది. షెడ్డంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. మేష్టారికి మాత్రం ఆ మోత ఆగలేదు. ఎక్కడో మర ఆడుతూనే ఉంది కాబోలు, గొంతు చించుకుని అరిచాడు.

"అరవై ఒకటి. ట్యాంకు అడ్డంగా ఉంది. పైన పైపు కనబడటం లేదు. చెయ్యి కూడా దూరటం లేదు. ట్యాంకు దించి చూస్తే గానీ కొనవద్దని చెప్పు. చూడలేదు అని రాయి. రాశావా?"

ట్యాంకు రిపోర్టమ్మ కాళ్ళ పక్కనే, చెక్కపలకల మీద ఉంది.

ఆవిడ దాని వంక చూసింది. చెప్పాడు. ఆ రోజు ఇదే చెప్పాడు. చూడలేదనే చెప్పాడు. దించి చూడమన్నాడు, కొనవద్దన్నాడు. ఒక్క గడి కూడా ఆయన తప్పు చెప్పలేదు. చెయ్యని తప్పుని ఇరవై ఆరేళ్ళు నెత్తిన మోసి, ఆ బరువుతోనే ముసలివాడైపోయాడు. ఆవిడ పట్టుకుని వేళ్ళాడుతున్న ఆ ఒక్క ఊరటా తెగిపోయింది.

"రాశావా?" అని మళ్ళీ వినబడింది.

పళ్ళ డాక్టరమ్మ ట్యాంకు వైపు చూసింది, కారు వైపు చూసింది. "ట్యాంకు ఇక్కడే ఉంది కదా పిన్నిగారూ. అడ్డంగా ఉందంటారేంటి?" అంది.

రిపోర్టమ్మ అట్ట మూసి కుర్చీ మీద పెట్టింది.

"ఇది మీ కారు రిపోర్టు కాదమ్మా. ఆయన చూస్తున్నది వేరే కారు" అంది.

"అదేంటక్కయ్యగారూ, పొద్దుటినుంచీ ఇక్కడే ఉన్నాం కదా" అన్నాడు అడితి యజమాని.

"ఆయనకి ఏడాదిన్నరగా మతి నిలవడం లేదు. మీ ఇద్దరికీ చెప్పకుండా తీసుకొచ్చాను. నాదే తప్పు. నలభై ఐదు వరకు ఈ కారువే, ఆ తర్వాతవి నమ్మకండి."

రంపం దగ్గర మనిషి ఇంకో దుంగ ఎక్కించబోతుంటే అడితి యజమాని చెయ్యెత్తి ఆపాడు. మనుషులు మంచివాళ్ళే. ఇలాంటప్పుడు మంచివాళ్ళతో ఇంకా కష్టం.

"మరి ఈ కారు తీసుకోవచ్చా, కూడదా పిన్నిగారూ?" అంది డాక్టరమ్మ, చాలా నెమ్మదిగా.

"నాకు తెలియదమ్మా. నేను ఎప్పుడూ చూడలేదు, రాశానంతే. ఇంకెవరికైనా చూపించేదాకా తీసుకోవద్దు. ట్యాంకు దించకుండా చూసేవాడైతే అసలు వద్దు."

"రాశావా?" కింద నుంచి గొంతు ఇప్పుడు విసుగ్గా లేదు. ఆదుర్దాగా ఉంది. చీకట్లో తప్పిపోయిన పిల్లవాడు పిలుస్తున్నట్టుంది.

రాశాననే మాట వినకుండా ఆయన కదలడు. ఎంతసేపైనా అక్కడే ఉంటాడు. రిపోర్టమ్మ కళ్ళజోడు తీసి డాక్టరమ్మ చేతిలో పెట్టింది. మోకాళ్ళు పట్టేసిన మనిషి, కారు రెక్క పట్టుకుని మెల్లగా కిందకి వంగింది. రంపపు పొట్టులో పక్కకి ఒరిగి, మోచేతుల మీద జరుగుతూ, జీవితంలో మొదటిసారి ఒక కారు కిందకి వెళ్ళింది. నూనె వాసన, మట్టి వాసన. ఇన్నేళ్ళూ ఆవిడ రాసిన మాటలన్నీ పైన వరసగా ఉన్నాయి. ఏది ఏదో ఆవిడకి తెలియదు. మేష్టారి టార్చి వెలుగు ఖాళీ చోటు మీద పడుతోంది. అక్కడ లేని ట్యాంకు అంచుని ఆయన వేళ్ళు తడుముతున్నాయి, సందు కోసం వెతుకుతున్నాయి. బ్రేకు పైపు ఆయన కళ్ళ ముందే ఉంది. అది ఆయనకి కనబడటం లేదు.

"ఏవండీ" అంది.

ఆయన తల తిప్పలేదు.

"ఆ రోజు మీరు చూడలేదనే చెప్పారండీ. నాకు వినబడలేదు. మళ్ళీ అడగడానికి సిగ్గేసింది. బాగుంది అని నేనే రాశాను. మీరు చెప్పలేదు. ఆ అమ్మాయి నా మూలాన పోయింది, మీ మూలాన కాదు. వింటున్నారా? తప్పు నాది."

గొంతులో ఇరుక్కున్నది ఎట్టకేలకు బయటికొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, అయినా వచ్చింది. ఆవిడ ఏడుస్తోంది. ఏడుస్తూనే ఆయన ఏమంటాడో అని చూస్తోంది. తిట్టాలి. చెయ్యెత్తినా సరే. ఎలా ఉన్నా ఆయన తనని గుర్తుపట్టి అనాలి.

మేష్టారు టార్చి తిప్పి ఆవిడ ముఖం మీద వేశాడు. వెలుగు కళ్ళలో పడి ఆవిడకి ఆయన ముఖం కనబడలేదు. గొంతు మాత్రం వినబడింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళతో మాట్లాడేటప్పటి గొంతు, మర్యాదగా, కాస్త కోపంగా.

"మీరెవరో నాకు తెలియదమ్మా. తెలియకుండా ఒకరి మీద నింద వెయ్యకూడదు. మా ఆవిడ నేను చెప్పనిది ఒక్క అక్షరం రాయదు. ఆ గడిలో బాగుంది అని ఉందంటే నేను చెప్పినట్టే. తప్పు నాదే."

టార్చి మళ్ళీ పైకి తిరిగింది. ఆయన ఆవిడ మీదుగా బయటికి, ఖాళీ కుర్చీ ఉన్న వైపుకి మెడ సాచి పిలిచాడు.

"రాశావా?"

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఆయన పక్కనే పడుకుని, ఆయన చెవికి జానెడు దూరంలో, అలవాటైన గొంతుతో అంది.

"ఆఁ, రాశానండీ."

"అరవై రెండు" అన్నాడు మేష్టారు.